అపరాలకు జీవన ఎరువు: పొట్లంలో జీవం ఉంటేనే బస్తాలో బరువు

క్వింటాలు మినుములలో 24 కిలోల వరకు మాంసకృత్తులు ఉంటాయి. ఆ మాంసకృత్తులలో ఇమిడి ఉన్న నత్రజనిని లెక్కగడితే 3.8 కిలోల దాకా తేలుతుంది. అంటే యార్డు నుంచి పప్పుమిల్లుకు తరలే ప్రతి క్వింటాలు మినుములతో పాటు సుమారు ఎనిమిది కిలోల యూరియాకు సమానమైన నత్రజని పొలం నుంచి తరలిపోతున్నది. ఎకరాకు ఆరు క్వింటాళ్లు పండిన మాగాణిలో గింజ రూపంలో పోయేదే 23 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 21 కిలోల లోపే. కాగా కృష్ణా, గుంటూరు డెల్టా మాగాణులలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లే మినుముకు రైతు సాధారణంగా ఏ ఎరువూ వేయడు. కోయని వరి పైరులో దుక్కి లేకుండా చల్లే విత్తనం గనుక అడుగున ఎరువు వేసే వీలు కూడా ఉండదు. మరి ఈ నత్రజని ఎక్కడి నుంచి వస్తున్నది?

కొంత వరికి వేయగా నేలలో మిగిలినది. తక్కినది మొక్క వేళ్లపై ఉండే బుడిపెలు గాలి నుంచి తెచ్చినది. మినుము, పెసర, కంది, చిక్కుడు, సోయాబీన్ మొదలైన కాయజాతి మొక్కల వేళ్లపై ఏర్పడే ఈ బుడిపెలలో రైజోబియం అనే సూక్ష్మజీవి కాపురముంటుంది. గాలిలో 78 శాతం నత్రజనే అయినప్పటికీ మొక్క దానిని నేరుగా తీసుకొనలేదు. ఈ సూక్ష్మజీవి దానిని అమ్మోనియాగా మార్చి మొక్కకు అందిస్తుంది, బదులుగా మొక్క నుంచి చక్కెర పదార్థాలు పుచ్చుకుంటుంది. ఒక రకంగా ఇదీ వ్యాపారమే.

అపరాలకు జీవన ఎరువు అనగా ప్రధానంగా ఈ రైజోబియమే. దీనిని ప్రయోగశాలలో పెంచి, బొగ్గుపొడి లేదా లిగ్నైట్ పొడిలో కలిపి పొట్లాలుగానూ, ద్రవరూపంలో సీసాలుగానూ అమ్ముతున్నారు. రైతులు "కల్చర్" అని పిలుస్తారు. ఇది కొత్త సరుకు కాదు. జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే శాస్త్రజ్ఞులు బుడిపెల రహస్యాన్ని 1886లో వెల్లడించారు. 1888లో హాలెండుకు చెందిన బైయెరింక్ ఆ సూక్ష్మజీవిని వేరుచేసి పెంచగలిగాడు. 1896 నాటికే నాబె, హిల్ట్‌నర్ అనేవారు "నైట్రాజిన్" పేరుతో దానిని అమ్మకానికి తెచ్చారు. గాలి నుంచి అమ్మోనియా తయారుచేసే మొదటి పెద్ద ఫ్యాక్టరీ 1913లో గాని ప్రారంభం కాలేదు. కృత్రిమ నత్రజని కంటే జీవన ఎరువే ముందుగా బజారుకు వచ్చిందన్న మాట. మన దేశంలో జీవన ఎరువుల జాతీయ పథకం ఘజియాబాద్ కేంద్రంగా 1983లో మొదలైంది.

అన్ని కాయజాతి మొక్కలకూ ఒకే సూక్ష్మజీవి పనికిరాదన్నది ముందుగా తెలుసుకోవలసిన విషయం. మినుము, పెసర, అలసంద, కంది, వేరుశనగ దాదాపు ఒకే వర్గం. శనగకు వేరు. సోయాబీన్‌కు వేరు. రాజ్‌మా చిక్కుడుకు మరొకటి. శనగకు తయారైన పొట్లం మినుముకు పట్టిస్తే బొగ్గుపొడి పూసినట్లే గాని ప్రయోజనం లేదు. అందువల్లనే పొట్లంపై పంట పేరు అచ్చువేస్తారు. దుకాణంలో బేరం జరిగేటప్పుడు రైతూ, వర్తకుడూ చాలాసార్లు చూడని మాట కూడా అదే.

కొత్త నేలలో ఒక తీరు, పాత నేలలో ఒక తీరు

కల్చర్ పట్టిస్తే దిగుబడి ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు ఒకే అంకె చెప్పేవారిని నమ్మకపోవడం మంచిది. నేలలో ఆ పంటకు తగిన సూక్ష్మజీవి ముందే సరిపడా ఉంటే పొట్లం అదనంగా చేసేది స్వల్పం. అసలు లేకపోతే మాత్రం తేడా కంటికి కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

సోయాబీన్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 1960 దశకం చివర మధ్యప్రదేశ్‌లో ఈ పంట వ్యాప్తికి వచ్చినప్పుడు అక్కడి నేలల్లో దానికి తగిన సూక్ష్మజీవి లేదు. కల్చర్ లేకుండా వేసిన చోట్ల వేళ్లకు బుడిపెలు సరిగా పట్టలేదు. పైరు పాలిపోయింది. మన దేశంలో కల్చర్ పొట్లాలకు పెద్ద ఎత్తున గిరాకీ ఏర్పడింది అప్పటి నుంచే. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాలలో సోయా కొనుగోలు చేసే వర్తకులు ఈ సంగతి గుర్తుంచుకోదగినది. ఏళ్ల తరబడి సోయా వేసిన నల్లరేగడిలో సూక్ష్మజీవి కొంత స్థిరపడి ఉంటుంది. పత్తి మాని ఆ ఏడే సోయా వేసిన చేనులో ఉండకపోవచ్చు. రెండు చేలలోనూ ఒకే విత్తనం, ఒకే వర్షం అయినా కాటా దగ్గర తేడా రావచ్చు.

బ్రెజిల్ ఈ విషయంలో అందరి కంటే ముందున్నది. అక్కడి సెరాడో మైదానాలలో సోయా వేసినప్పుడు కూడా నేలలో సూక్ష్మజీవి లేని సమస్యే ఎదురైంది. యోహన్నా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త నత్రజని ఎరువుపై ఆధారపడని సోయా పంటనే ప్రోత్సహించాలని పట్టుబట్టారు. ఆ బాటలోనే ఆ దేశంలో సోయా సాగు విస్తరించింది. టన్ను సోయాగింజలు పండడానికి మొక్కకు సుమారు 80 కిలోల నత్రజని అవసరం. అంత నత్రజనినీ యూరియాగా కొనవలసి వస్తే బ్రెజిల్ రైతు సోయాను అంత చౌకగా ప్రపంచ బజారుకు ఇవ్వగలిగేవాడు కాదు. ఈ పరిశోధనను కొనసాగించిన మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. కాకినాడ, కృష్ణపట్నం రేవులకు దిగే సోయా నూనె ధరలో ఈ బుడిపెల వాటా కూడా కొంత ఉన్నదనుకోవచ్చు. ఇటీవలి సంవత్సరాలలో బ్రెజిల్ నుంచి మినుములు కూడా దేశానికి దిగుమతి అవుతున్నవి.

అక్కడి పరిశోధనా సంస్థ ఎంబ్రాపా ప్రయోగాలలో ఒక ఆసక్తికరమైన సంగతి తేలింది. నేలలో సూక్ష్మజీవి ముందే ఉన్నా, ఏటా విత్తనానికి తాజాగా పట్టిస్తే సగటున 8 శాతం దిగుబడి పెరిగింది. పాత నేలల్లో ఆశించదగినది ఈ పాటి పెంపే. మన వ్యవసాయ సంస్థలు అపరాలకు సాధారణంగా చెప్పే లెక్క 10 నుంచి 15 శాతం. అన్నీ అనుకూలిస్తేనే అంత వస్తుందనుకోవాలి.

డెల్టా మాగాణుల పరిస్థితి ఈ రెంటికీ మధ్యది. మినుము అక్కడ తరతరాల పంట గనుక నేలలో సూక్ష్మజీవి లేకపోలేదు. అయితే దానికి గాలి కావాలి. నాలుగు నెలలు నీరు నిలిచిన వరిచేనులో కోతల నాటికి దాని సంఖ్య బాగా తగ్గిపోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మినుము విత్తనం నేలను తాకుతుంది. దుక్కి లేదు, పశువుల ఎరువు లేదు, మిగులు తేమ మీదనే పంట తీయాలి. మొలకకు తోడుగా సూక్ష్మజీవిని పంపగలిగిన మార్గం విత్తనం ఒక్కటే. పొట్లానికి అర్థం ఉన్న చోటు ఏదైనా ఉంటే అది ఈ మాగాణే.

రాజ్‌మా సంగతి వేరు. ఉత్తరాది మైదానాలలో ఈ చిక్కుడుకు స్థానిక సూక్ష్మజీవులతో బుడిపెలు సరిగా పట్టవు. అందువల్ల అక్కడ హెక్టారుకు 100 కిలోలకు పైగా నత్రజని సిఫారసు చేస్తారు. చిక్కుడు జాతి కదా, ఎరువు ఖర్చు ఉండదు అనుకుని రాజ్‌మా సాగు ఖర్చును లెక్కవేసే వర్తకుడు పొరబడతాడు. చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు ఏజెన్సీ సంతలలో రాజ్‌మా కొనేవారు కూడా మినుము లెక్కను దానికి అన్వయించరాదు.

గోడౌనులో చచ్చే సరుకు

యూరియా బస్తా తడిస్తే గడ్డకడుతుంది, కాని విలువ పూర్తిగా పోదు. కల్చర్ పొట్లం అలా కాదు. పైకి చెక్కుచెదరకుండా ఉండి లోపల చచ్చిపోతుంది. బజారులోని ఎరువులన్నిటిలో దీనికి ఉన్న ప్రత్యేకత, ప్రమాదం రెండూ ఇవే.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985లో వచ్చినా, జీవన ఎరువులు దాని పరిధిలోకి వచ్చింది 2006 మార్చిలో. ఆ ఉత్తర్వు ప్రకారం పొడి రూపంలో ఉన్న రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవరూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు సజీవ కణాలు ఉండాలి. పొడిలో తేమ 30 నుంచి 40 శాతం ఉండాలి. బ్రెజిల్‌లో చట్టం కోరేది గ్రాముకు లేదా మిల్లీలీటరుకు 100 కోట్లు. మన పొడి ప్రమాణానికి ఇది ఇరవై రెట్లు. అక్కడి ఫలితాలను చూపి ఇక్కడ సరుకు అమ్మేవారు ఈ తేడా చెప్పరు.

మన ప్రమాణం తక్కువే అయినా, సరుకు నిజంగా ఆ ప్రమాణానికి ఉంటే మినుముకు సరిపోతుంది. 200 గ్రాముల పొట్లంలో 1,000 కోట్ల కణాలు. పది కిలోల మినుము విత్తనంలో రెండు లక్షలకు పైగా గింజలు ఉంటాయి. గింజకు 45 వేల చొప్పున పడతాయి. ఈ పరిమాణపు గింజకు కనీసం 10 వేలు ఉంటే చాలునని నిపుణుల అంచనా. కాని పొట్లంలో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు చచ్చినట్లయితే గింజకు మిగిలేది 4,500. డబ్బు పూర్తిగా చెల్లించిన రైతుకు అందినది సరుకులో పదోవంతు.

చావుకు కారణాలు వర్తకులకు తెలియనివి కావు. రేకుల షెడ్డు, మే నెల ఎండ, పురుగుమందుల పక్కన అర. వేడి 40 డిగ్రీలు దాటితే ఈ సూక్ష్మజీవి నిలవడం కష్టం. జూన్‌లో విత్తే సోయాకు, పెసరకు కావలసిన పొట్లాలు సహజంగా మే నెలలోనే తయారై, లారీలలో ప్రయాణించి, దుకాణానికి చేరుతాయి. ఏడాదిలో అత్యంత వేడి గల నెలలో ఈ సరుకు రవాణా జరగడం మన దురదృష్టం. రాత్రి ప్రయాణం, గాలి తగిలే చల్లని గది, నేరుగా ఎండ పడకపోవడం అనే మూడు జాగ్రత్తలకు పెద్ద ఖర్చు లేదు.

పొడి పొట్లానికి గడువు సాధారణంగా ఆరు నెలలు, ద్రవానికి ఏడాది. ఆరు నెలలు అన్నది చల్లగా ఉంచిన సరుకుకు. చేత్తో నొక్కి చూస్తే పొడి కాస్త చెమ్మగా, మెత్తగా ఉండాలి. ఎండి దుమ్ములా రాలినా, దుర్వాసన వచ్చినా అమ్మరాదు. ఈ పరీక్ష సరుకు చచ్చిందని చెప్పగలదే గాని బతికి ఉన్నదని హామీ ఇవ్వదు. కణాల లెక్క ప్రయోగశాలలో గాని తేలదు. నమూనా తీసినప్పుడు ప్రమాణానికి తక్కువని తేలితే తయారీదారుతో పాటు అమ్మినవారు కూడా నిత్యావసర వస్తువుల చట్టం కింద చిక్కుల్లో పడవచ్చు. కనుక బ్యాచి నెంబరుతో కూడిన బిల్లు లేకుండా ఈ సరుకు దించుకోవడం తెలివైన పని కాదు.

రైతు చేతిలో జరిగే నష్టం ఇంకొకటి. విత్తనానికి తెగుళ్ల మందు, పురుగుల మందు పట్టించడం ఇప్పుడు మామూలే. ముందు తెగుళ్ల మందు, తరువాత పురుగుల మందు, అవి ఆరిన తరువాత చివరగా కల్చర్ పట్టించాలి. మూడింటినీ ఒకే బొచ్చెలో కలిపితే మందు పురుగును చంపే లోపు సూక్ష్మజీవిని చంపుతుంది. బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లార్చి, అందులో పొడి కలిపి విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టి, అదే రోజు చల్లాలి. వేడి బెల్లం నీళ్లలో పొడి కలిపేవారు కూడా లేకపోలేదు. పొట్లం ఎనిమిది, పది కిలోల విత్తనానికి లెక్క. మాగాణి మినుముకు ఎకరాకు 16 నుంచి 18 కిలోల విత్తనం పడుతుంది గనుక రెండు పొట్లాలు కావాలి. ఒకటి అమ్మి ఎకరాకు సరిపోతుందని చెప్పడం తప్పు.

లారీల లెక్క

మాగాణి మినుము ఎకరాకు ఆరు క్వింటాళ్లు పండే చోట పదో వంతు పెరిగితే 60 కిలోలు. 2025-26 కనీస మద్దతు ధర క్వింటాలుకు 7,800 రూపాయల చొప్పున వాటి విలువ 4,680 రూపాయలు. ఖర్చు రెండు పొట్లాలు, కాస్త బెల్లం. ఇంత లాభసాటి పెట్టుబడి వ్యవసాయంలో అరుదు. అయినా వాడకం ఎందుకు పెరగలేదు?

ఒక కారణం యూరియా చౌక. 45 కిలోల బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకే దొరుకుతున్నది. తక్కిన భారం ప్రభుత్వానిది. రెండో కారణం వర్తకుని వైపు నుంచి. పొట్లం ధరలో మిగిలే మార్జిను కొద్ది రూపాయలు, గడువు దాటితే మొత్తం నష్టం. మూడోది, అన్నిటి కంటే ముఖ్యమైనది, చచ్చిన పొట్లం ఒకసారి వాడిన రైతు మళ్లీ రాడు. అతని లెక్కలో అది "పనిచేయని సరుకు". నిజానికి అతనికి ఆ సరుకు అందనే లేదు.

పది వేల ఎకరాల మినుము ఉన్న ప్రాంతాన్ని తీసుకుంటే ఎకరాకు 60 కిలోల చొప్పున 6,000 క్వింటాళ్లు, పది టన్నుల లారీలు అరవై. అందులో సగం వచ్చినా ఫిబ్రవరి, మార్చి రాబడులపై ప్రభావం ఉంటుంది. అయితే కల్చర్ వాడారన్న మాట విని దిగుబడి అంచనాను పెంచుకోవడం తొందరపాటు. పల్లాకు తెగులు, తుప్పు తెగులు, బంగారు తీగ, తేమ చాలకపోవడం వీటిలో ఏ ఒక్కదానికీ రైజోబియం విరుగుడు కాదు. గుంటూరు వైపు మాగాణులలో చాలా మంది రైతులు మినుము మాని మొక్కజొన్నకు మళ్లింది పల్లాకు తెగులు దెబ్బకే గాని నత్రజని చాలక కాదు. భాస్వరం అందించే సూక్ష్మజీవుల పొట్లాలు కూడా అమ్మకంలో ఉన్నవి. నేలలో బిగుసుకున్న భాస్వరాన్ని అవి కొంత కరిగిస్తాయి. వాటి ఫలితం రైజోబియం అంత స్పష్టం కాదు. మెట్ట అపరాలకు ఎకరాకు సిఫారసు చేసే 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం స్థానాన్ని అవి తీసుకోలేవు. దాదాపు డి.ఎ.పి. బస్తా ఒకటి ఆ మోతాదుకు సరిపోతుంది. అంతకు మించి యూరియా వేస్తే మొక్కకు సిద్ధాన్నం దొరికి బుడిపెలు పట్టడం తగ్గుతుంది.

బుడిపె రంగు చూసి అంచనా

పంట అంచనాకు పొలాలు తిరిగే బ్రోకర్లు సాధారణంగా కాయ పట్టిన తరువాత వెళతారు. అప్పటికి బుడిపెలు ముదిరి ఎండిపోతుంటాయి గనుక వాటి వల్ల తెలిసేది ఏమీ ఉండదు. విత్తిన 30 నుంచి 35 రోజుల మధ్య, పూత మొదలయ్యే దశలో చూడాలి. మొక్కను పీకరాదు, పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే మిగులుతాయి. గెడ్డపారతో మట్టిపెళ్లతో సహా తీసి నీళ్లలో కడగాలి. లావుపాటి బుడిపెను గోరుతో చీల్చితే లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే అది పనిచేస్తున్నట్లు. ఆకుపచ్చగానో, గోధుమ రంగులోనో, తెల్లగానో ఉంటే పని లేనట్లే. బుడిపెలు తల్లి వేరు పైభాగంలో, గింజ మొలిచిన చోటికి దగ్గరగా గుత్తిగా ఉంటే విత్తనానికి పట్టించిన కల్చర్ పనిచేసిందని తలచవచ్చు. పిల్లవేళ్లపై చెదురుమదురుగా ఉంటే నేలలో ఉన్న సూక్ష్మజీవే పట్టిందని అర్థం. చేనులో నాలుగు మూలలా, మధ్యలో కలిపి ఐదారు చోట్ల చూస్తే చాలు.

యార్డులో వేలం మాత్రం ఎప్పటివలెనే గింజ మెరుపు, తేమ, మట్టిబెడ్డలు చూసి సాగుతుంది. కల్చర్ వాడిన చేను గింజకు వేరే ధర పలకదు. లాభం ఎంత ఉన్నా అది తూకంలోనే.

డెల్టాలో మినుము చల్లేది నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు వరకు. జూన్ పెసరకు, మినుముకు తెప్పించగా మిగిలిన పొట్లాలు మే నెలలో తయారైనవైతే వాటి గడువు నవంబరుతో తీరిపోతుంది. వేసవి వేడిలో గడిపినవి గనుక అసలు ఆయువు అంతకు ముందే తీరి ఉండవచ్చు. ఈ సీజనుకు కావలసిన సరుకును అక్టోబరు, నవంబరు తయారీ తేదీ చూసి కొత్తగా తెప్పించుకోవలసి ఉంటుంది.